మోత వైరుది కాదు, మోటారుది
పనిముట్ల పెట్టె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే కోరిక. ప్లగ్గులో పెట్టి వాడే పనిముట్టును బ్యాటరీ మీదకు మార్చాలి, చప్పుడు తగ్గాలి. ఈ రెండూ ఒకే పని అని ఎక్కువమంది అనుకుంటున్నారు. బ్యాటరీ డ్రిల్లు మెత్తగా తిరగడం చూసి, ఆ మెత్తదనం బ్యాటరీ వల్లే వచ్చిందన్న నమ్మకం కుదిరిపోయింది. మోటార్లు విప్పి, చుట్టి, మళ్ళీ బిగించే పనిలోనే బతుకుతున్నవాణ్ణి కనుక ఒక్క మాట ముందే చెబుతాను. మోత పుట్టేది లోపలి మోటారు రకం వల్ల, అది తిరిగే వేగం వల్ల, పళ్ళ చక్రాల వల్ల, గాలి తోసే రెక్కల వల్ల. కరెంటు గోడలోంచి వచ్చిందా, బ్యాటరీలోంచి వచ్చిందా అన్నదానితో మోతకు పెద్దగా సంబంధం లేదు. అయితే బ్యాటరీకి మారేటప్పుడు చాలాసార్లు మోటారు కూడా మార్చక తప్పదు. చప్పుడు తగ్గించుకునే అవకాశం దొరికేది అక్కడే.

ప్రశ్న: నేను చిన్న చిన్న చెక్క బొమ్మలు చెక్కుతాను. నా రోటరీ టూల్ మీద 230 వోల్టులు, 135 వాట్లు, 10,000 నుంచి 33,000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంది. పిల్లలు పడుకున్నాకే నాకు తీరిక. ఆ మోతకు వాళ్ళు లేచి కూర్చుంటున్నారు. వైరు కోసేసి 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే చప్పుడు తగ్గుతుందా?

జవాబు: వైరు కొయ్యకండమ్మా. మీ టూల్‌లో ఉన్నది యూనివర్సల్ మోటారు. మిక్సీల్లో, వాక్యూమ్ క్లీనర్లలో, చేతి డ్రిల్లుల్లో ఉండేదీ ఇదే. కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్, లోపల తిరిగే ఆర్మేచర్ రెండూ ఒకే వరసలో కలిపి ఉంటాయి, ఆర్మేచర్‌కు కరెంటు కార్బన్ బ్రష్‌ల గుండా వెళ్తుంది. ఇది ఏసీ మీదా, అంటే గోడ కరెంటు మీదా తిరుగుతుంది, డీసీ మీదా, అంటే బ్యాటరీ కరెంటు మీదా తిరుగుతుంది. అందుకే "డీసీకి పనికొస్తుంది కదా, బ్యాటరీ పెడితే సరి" అని కొందరు సలహా ఇస్తుంటారు. పనికొచ్చే మాట నిజమే, కానీ దాని చుట్లు గోడ కరెంటుకు లెక్కకట్టి చుట్టినవి. 12 వోల్టులు ఇస్తే పని చేసేంత బలం దానికి రాదు.

రివైండింగ్ చేయిస్తే రాదా అంటారేమో. 230 నుంచి 12కి దిగాలంటే చుట్లు ఇరవయ్యో వంతుకు తగ్గాలి, తీగ కోత వైశాల్యం సుమారు ఇరవై రెట్లు పెరగాలి. ఇప్పుడు 135 వాట్లకు మీ టూల్ తీసుకునే కరెంటు ముప్పాతిక ఆంపియర్ కూడా ఉండదు. అదే శక్తి 12 వోల్టుల మీద కావాలంటే 11 ఆంపియర్లు దాటుతుంది. ఆ సన్నటి బ్రష్‌లు, అవి ఆనే ఆ చిన్న రాగి పట్టీల చక్రం (కమ్యుటేటర్) అంత కరెంటు మొయ్యలేవు. చుట్టినవాడి శ్రమ కూడా దండగే.

చిన్న బ్యాటరీలు వరసగా కలిపి 200 వోల్టులు తెస్తానని ఇంకో పాఠకుడు రాశారు. ఆయనకూ ఇక్కడే జవాబు. దయచేసి ఆ పని చెయ్యకండి. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది, స్విచ్ తీసినప్పుడు పుట్టే మెరుపు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీలో అలా ఆరిపోయే క్షణమే ఉండదు. ఏసీకి చేసిన స్విచ్‌లో ఆ మెరుపు నిలబడి మండుతుంది, కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. మీరు స్విచ్ ఆపినా టూల్ ఆగదు. ఆ 200 వోల్టుల మీద చెయ్యి పడితే ప్రాణమే పోవచ్చు.

ఇన్వర్టర్ పెట్టి నడపొచ్చు. 135 వాట్ల టూల్‌కు 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టర్ నష్టం కలుపుకుని, 13 ఆంపియర్ల దాకా పారుతుంది. కానీ టూల్ అదే, మోతా అదే. దానికి తోడు ఇన్వర్టర్ ఫ్యాను.

ఇంతకీ ఆ మోత ఎక్కడిది? 30,000 ఆర్పీఎం అంటే సెకనుకు 500 తిరుగుళ్ళు. లోపలి ఫ్యానుకు 9 రెక్కలు ఉన్నాయనుకుంటే సెకనుకు 4,500 సార్లు గాలిని కొడుతుంది. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యలో. మీ పిల్లల నిద్ర చెడగొడుతున్నది సరిగ్గా ఆ కీచు స్వరమే. వేగం తగ్గితే ఫ్యాను చప్పుడు చాలా త్వరగా పడిపోతుంది. సగానికి దించితే సుమారు 15 డెసిబెల్స్, మూడో వంతుకు దించితే సుమారు 24 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగం చప్పుడుగా తోస్తుంది. అందుకని ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యండి. ఇప్పుడున్న టూల్‌నే అన్నిటికన్నా తక్కువ వేగంలో పెట్టి, తలుపు వేసి, పిల్లల గదిలోంచి ఎవరినైనా వినమనండి. సరిపోతే మార్పులేవీ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: తక్కువ వేగంలో దాని ఫ్యాను గాలి తక్కువగా తోస్తుంది. గట్టిగా నొక్కి చెక్కితే బాడీ వేడెక్కుతుంది, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. చప్పుడు కోసం ఫ్యాను పీకేసినవాళ్ళ మోటార్లు కూడా నా బల్ల మీదకు వస్తుంటాయి. లోపల వార్నిష్ మాడి నల్లబడి ఉంటాయి.

స్విచ్ ఆపిన క్షణం కూడా జాగ్రత్తగా వినండి. ఆపగానే తెగిపోయే చప్పుడు కరెంటు వల్ల పుట్టింది. టూల్ తిరుగుతూ నెమ్మదించేదాకా వినిపించేది ఫ్యానుది, బేరింగ్‌లది, బ్రష్‌లది. ఆ నెమ్మదించే చప్పుడులో గరగర ఉంటే బేరింగ్ ఎండిపోయినట్టు. అది మార్పిస్తేనే ఒక్కోసారి సగం బాధ తీరుతుంది.

అయినా సరిపోలేదనుకోండి. పాత టూల్‌ను పగటి పనికి అలాగే ఉంచి, రాత్రి పనికి వేరేది కట్టుకోండి. నేనైతే 775 సైజు డీసీ మోటారు తీసుకుంటాను. 24 వోల్టుల దగ్గర 10,000 నుంచి 12,000 ఆర్పీఎం తిరిగే రకం, బాల్ బేరింగ్‌లు ఉన్నది చూసుకోండి. షాఫ్ట్ 5 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి ఒక కప్లింగ్ వేసి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ బిగించాలి. మోటారు మీ చేతిలో కాక ఒక స్టాండుకు రబ్బరు తాళ్ళతో వేలాడుతుంది. చేతిలో ఉండేది సన్నటి హ్యాండ్‌పీస్ మాత్రమే. మోటారు గోడకు తగలకూడదు, ముఖ్యంగా పిల్లలు పడుకునే గది గోడకు. 5 సెల్స్ ఉన్న 18 వోల్టుల టూల్ బ్యాటరీ మీద ఇది 8,000, 9,000 మధ్య తిరుగుతుంది. చెక్క మీద మామూలుగా 40, 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే, 4 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో ఉండే 72 వాట్ అవర్లు గంటన్నర పనికి వస్తాయి. ప్లస్ వైరులో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, 10 ఆంపియర్ల డీసీ ఫ్యూజు తప్పనిసరి.

ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లోపలి తీగ ఒకే వైపు చుట్టి ఉంటుంది. సరైన వైపు తిప్పితే అది బిగుసుకుని బలం మోస్తుంది, ఎదురు వైపు తిప్పితే చుట్లు విడిపోయి తెగుతుంది. డీసీ మోటారులో ప్లస్, మైనస్ తారుమారైతే తిరిగే దిక్కు కూడా మారుతుంది. అందుకని మొదటిసారి షాఫ్ట్ తగిలించకుండా మోటారును ఒక్కదాన్నే తిప్పి దిక్కు చూసుకుని, ఆ తర్వాతే బిగించండి. షాఫ్ట్‌ను మరీ మెలి తిప్పి వంచినా వేడెక్కుతుంది, గొణుగుతుంది. పెద్ద వంపులోనే ఉంచాలి, లోపలి తీగకు గ్రీజు ఉండాలి.

ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. 6 మిల్లీమీటర్ల బర్ (చెక్కే మొన) 9,000 ఆర్పీఎం దగ్గర చెక్కను బాగానే తొలుస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల సన్న బర్ అంచుకు మాత్రం ఆ వేగం చాలదు, చెక్క పీచు లేస్తుంది. కళ్ళు, వేళ్ళ గీతలు లాంటి సన్న పని పగలు పెట్టుకుని, రాత్రి రూపం తీసే పని పెట్టుకోండి. బర్ పదునుగా ఉండాలి. మొద్దుబారిన బర్ చేసే చప్పుడు ఏ మోటారు మార్చినా పోదు. బొమ్మను నేరుగా బల్ల మీద ఆనిస్తే బల్లంతా మోగుతుంది, ఇసుక నింపిన తోలు సంచి మీద ఆనించండి.

చప్పుడు తగ్గింది కదా అని కళ్ళద్దాలు, మాస్కు పక్కన పెట్టకండి. చెక్క పొడి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. పగలు పాత టూల్ వాడేటప్పుడు చెవులకు కూడా రక్షణ పెట్టుకోండి. పని చోట చప్పుడుకు సాధారణంగా చెప్పే హద్దు 8 గంటలకు 85 డెసిబెల్స్. కఠినమైన లెక్క ప్రకారం ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. నాకు పని నేర్పిన గురువుగారు జీవితమంతా టెస్టింగ్ బల్ల పక్కనే గడిపారు. చివరి రోజుల్లో మనవరాలి మాట వినడానికి ఆమె పెదాల వంక చూసేవారు. అందుకే చప్పుడు గురించి ఎవరు అడిగినా నేను ఇంత పొడుగ్గా చెబుతాను.

ప్రశ్న: స్టీలు సామాను మీద పేర్లు చెక్కే కరెంటు పెన్ను ఉంది. అడాప్టర్ పెట్టి డీసీ ఇస్తే సరిపోతుందా? వోల్టేజి ఎంత ఇవ్వాలి?

జవాబు: అందులో అసలు మోటారే లేదు. ఒక కాయిల్, ఒక ఇనప పలక, ఒక స్ప్రింగు, అంతే. ఏసీ కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కనుక పలక లాగబడి వదలబడుతూ సూది కొట్టుకుంటుంది. డీసీ ఇస్తే ఒక్కసారి లాగి అలాగే పట్టుకుని ఉండిపోతుంది, కాయిల్ వేడెక్కుతుంది. దీన్ని మార్చే ప్రయత్నం వద్దు. చిన్న డీసీ మోటారుతో బర్‌ను తిప్పి గీసే పెన్నులు ఉన్నాయి, చప్పుడు చాలా తక్కువ. గీత మాత్రం వేరుగా వస్తుంది. చుక్కలు చుక్కలుగా పడే ఆ పాత అక్షరం కావాలంటే పాత పెన్నే ఉంచుకోండి.

ప్రశ్న: ఇంట్లో కుట్టు మిషన్‌కు పక్కన తగిలించే మోటారు ఉంది, 100 వాట్లు. పెడల్ కొద్దిగా నొక్కితే గుయ్యిమంటుంది కానీ కదలదు, ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా పరుగెడుతుంది. బ్యాటరీకి మారిస్తే చప్పుడూ తగ్గి, వేగం కూడా చేతికి వస్తుందా?

జవాబు: మీకు చప్పుడు కన్నా రెండో లాభమే ఎక్కువ. మీదీ యూనివర్సల్ మోటారే. బరువు లేకపోతే పరుగెత్తడం, బరువు పడితే కుంగడం దాని స్వభావం. శాశ్వత అయస్కాంతాలున్న డీసీ మోటారు వోల్టేజిని బట్టి వేగం పట్టుకుంటుంది, గుడ్డ మందం మారినా అంతగా తడబడదు. మందపాటి మడత మీద ఒక్కొక్క కుట్టు వేసుకుంటూ పోవచ్చు.

మోటారు ఎంచుకునే లెక్క ఇది. చేతి చక్రం ఒక్కసారి తిరిగితే ఒక కుట్టు. నిమిషానికి 800 కుట్లు కావాలనుకుంటే, మోటారు పుల్లీ 10 మిల్లీమీటర్లు, చేతి చక్రంలో బెల్టు కూర్చునే గాడి 70 మిల్లీమీటర్లు అయితే, మోటారు 5,600 ఆర్పీఎం తిరగాలి. మీ మిషన్ కొలతలు వేసి మీ లెక్క తెచ్చుకోండి. 24 వోల్టుల దగ్గర 6,000 తిరిగే మోటారు బాగా సరిపోతుంది. బెల్టు మాత్రం మార్చకండి. పళ్ళ బెల్టు జారదని కొందరు వేస్తారు, కానీ ఆ వేగంలో పళ్ళు పాట పాడతాయి. పాత రబ్బరు బెల్టే మెత్తన. మరీ బిగించకండి, బేరింగ్ మీద భారం పడి మూలుగుతుంది.

పాత పెడల్ ఈ కొత్త మోటారుకు పనికిరాదు. దానిలో ఉన్నది ఎక్కువ వోల్టేజికి, తక్కువ కరెంటుకు చేసిన ఏర్పాటు. ఎలక్ట్రిక్ బైకుల్లో వాడే హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే ముక్క) రకం కాలి థ్రాటిల్, అంటే వేగం పెంచి తగ్గించే పెడల్, దానికి సరిపోయే కంట్రోలర్ తీసుకోండి. పాత మోటారు, పాత పెడల్ రెండూ ఒక సంచిలో పెట్టి దాచండి, ఎప్పుడైనా వెనక్కి బిగించుకోవచ్చు.

ఇదంతా చేసే ముందు బెల్టు తీసేసి చేతి చక్రం చేత్తో వేగంగా తిప్పి చూడండి. టకటకలు అప్పుడూ వస్తుంటే అది మోటారు పాపం కాదు. షటిల్ దగ్గర దారాల పీచు, నూనె ఎండిన సూది కడ్డీ, వదులైన బాబిన్ కేస్, వీటిలో ఏదో ఒకటి. ముందు శుభ్రం చేసి నూనె వెయ్యండి. మిషన్ కింద మందపాటి ఫెల్టు ముక్క వేస్తే బల్ల గడగడ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: నా చిన్న చెక్క లేత్‌కు పావు హార్స్‌పవర్ కెపాసిటర్ మోటారు, 1,440 ఆర్పీఎం. తోటలో కరెంటు లేని షెడ్డులో పెట్టుకోవాలి. బ్యాటరీ నేరుగా ఇవ్వొచ్చా, ఇన్వర్టర్ మంచిదా?

జవాబు: నేరుగా అసలు ఇవ్వొద్దు. ఇండక్షన్ మోటారులో లోపలి ముక్కను లాక్కుపోయేది ఏసీ వల్ల పుట్టే తిరిగే అయస్కాంత క్షేత్రం. డీసీ ఇస్తే ఆ క్షేత్రం కదలకుండా నిలబడిపోతుంది. పైగా చుట్లకు ఏసీని అడ్డుకునే గుణం డీసీ ముందు పనిచెయ్యదు, తీగకున్న కాస్త నిరోధం తప్ప ఇంకేదీ కరెంటును ఆపదు. కాసేపట్లో వైండింగ్ కాలుతుంది.

ఇన్వర్టర్‌తో నడుస్తుంది, కానీ మొదలయ్యేటప్పుడు ఈ రకం మోటారు నడిచే కరెంటుకు 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. పావు హార్స్‌పవర్ అంటే 186 వాట్ల పనే, అయినా ఆ మొదటి లాగుడు కోసం చాలా పెద్ద ఇన్వర్టర్ కొనాలి. అదీ ప్యూర్ సైన్ వేవ్ రకం. చవక రకం మెట్లు మెట్లుగా ఇచ్చే కరెంటుకు మోటారు బుయ్యిమంటుంది, వేడెక్కుతుంది.

మీ మోటారు నిజానికి నిశ్శబ్దంగా తిరిగే మంచి జాతిది. కరెంటు ఉన్నచోట వాడుకునేవాళ్ళు చప్పుడు కోసం దాన్ని మార్చాల్సిన పనే లేదు. మీకు కరెంటు లేదు కనుక మార్పు న్యాయమే. ఎలక్ట్రిక్ స్కూటీల కోసం చేసే 24 వోల్టుల, 250 వాట్ల బ్రష్ మోటారు పెట్టండి. నిండు పనిలో 2,650 ఆర్పీఎం, 13 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. పాత వేగాలు రావాలంటే మోటారు పుల్లీ తగ్గించాలి. పాతది 60 మిల్లీమీటర్లయితే కొత్తది 33 దగ్గర. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 25 ఆంపియర్ల ఫ్యూజు, 8 సెల్స్ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఆ 8 కలిపి 25.6 వోల్టులు. స్విచ్ కొనేటప్పుడు దాని మీద డీసీ రేటింగ్ విడిగా రాసి ఉందో లేదో చూడండి, ఏసీ అంకె చూసి మోసపోకండి.

లేత్ కనుక ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వేగం తిప్పే నాబ్ సగంలో వదిలేసి ఇంటికి వెళ్ళి, మర్నాడు బ్యాటరీ తగిలించగానే చెక్కను పట్టుకునే చక్ గిర్రున తిరుగుతుంది. ఆ సమయానికి మీ చెయ్యి దాని మీద ఉండొచ్చు. నాబ్ సున్నాకు తెస్తే తప్ప మొదలవని కంట్రోలర్ అడిగి తీసుకోండి. చేతికి అందేచోట పెద్ద ఎర్ర బటన్ స్విచ్ ఒకటి బిగించండి.

ప్రశ్న: బ్యాటరీల్లో ఏది మంచిది? నా దగ్గర పాత ల్యాప్‌టాప్ సెల్స్ చాలా ఉన్నాయి, వాటితో ప్యాక్ కట్టుకోవచ్చా? కొన్నిటి మీద 18 వోల్టులు, కొన్నిటి మీద 20 అని ఎందుకు ఉంటుంది?

జవాబు: చివరిది ముందు చెబుతాను. 18, 20 రెండూ ఒకటే. రెండింటిలోనూ ఒకదాని వెనక ఒకటి కలిపిన 5 లిథియం అయాన్ వరసలు. ఒక్కోటి సగటున 3.6 వోల్టులు అంటే 18. ఛార్జి నిండాక, లోడ్ లేనప్పుడు ఒక్కోటి 4 పైన అంటే 20. 36, 40 వోల్టులు అని రాసేవి కూడా ఇదే తీరు, అక్కడ 10 వరసలు. పెద్ద అంకె చూసి ఎక్కువ బలమని కొనకండి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించి వచ్చే వాట్ అవర్లే చూడండి.

పాత ల్యాప్‌టాప్ సెల్స్‌తో పనిముట్టు నడపొద్దు. ల్యాప్‌టాప్ కరెంటును నెమ్మదిగా, సమంగా తీసుకుంటుంది. మోటారు ఒక్క ఊపులో లాగుతుంది. పైగా పాతబడ్డ సెల్స్ ఒక్కోటి ఒక్కో తీరుగా నీరసిస్తాయి. వరసలో అన్నిటికన్నా నీరసంగా ఉన్నది ముందే ఖాళీ అయిపోతుంది, మిగతావి దాన్ని ఎదురు తోస్తాయి. అది ఉబ్బినా, అంటుకున్నా ఆపడం కష్టం. సెల్స్ మీద నేరుగా సోల్డరింగ్ పెట్టడం ఇంకా ప్రమాదం, లోపలి పొర ఆ వేడికి దెబ్బతింటుంది. నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగ్‌తో అతకాలి. ఇంట్లో ఆ సరంజామా లేనప్పుడు తయారు ప్యాకే కొనుక్కోవాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

మొదటి బ్యాటరీ డ్రిల్లు 1961లో వచ్చింది, బ్లాక్ అండ్ డెకర్ కంపెనీది, నికెల్ కాడ్మియం సెల్స్‌తో. లిథియం అయాన్ సెల్స్‌ను 1991లో సోనీ అమ్మకానికి తెచ్చింది. ఇవాళ చేత్తో పట్టుకునే పనిముట్టుకు లిథియం అయాన్‌కు సాటి లేదు, బరువు తక్కువ. బల్ల కింద కదలకుండా ఉండేదానికైతే నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అంటాను. బరువు కొంచెం ఎక్కువ, కానీ వేడికి అంత తొందరగా చెదరదు, వేల సార్లు ఛార్జి చేసుకోవచ్చు. 4 సెల్స్ కలిస్తే 12.8 వోల్టులు, నిండు ఛార్జి 14.6. లెడ్ యాసిడ్ చవకే. కానీ 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లదాన్ని మాటిమాటికీ సగం కన్నా కిందకు దించితే త్వరగా చచ్చిపోతుంది. పేరుకు 84 వాట్ అవర్లు, వాడుకునేది 42.

టూల్ కంపెనీల ప్యాక్‌ను కొనుక్కుని, అడాప్టర్ ముక్కతో మీ మోటారుకు తగిలించడం చాలా సులువైన దారి. ఛార్జరు కూడా దానితో వచ్చినదే వాడొచ్చు. కానీ కొన్ని ప్యాకుల్లో, ఛార్జి మరీ అడుక్కి దిగకుండా ఆపే ఏర్పాటు ప్యాక్‌లో ఉండదు, కంపెనీ టూల్‌లో ఉంటుంది. మీ మోటారుకు ఆ తెలివి లేదు. సెల్స్ చచ్చేదాకా లాగుతుంది. 5 వరసల ప్యాక్‌కైతే 15 వోల్టుల దగ్గర ఆపేసే లో వోల్టేజ్ కటాఫ్ బోర్డు ఒకటి మధ్యలో పెట్టండి. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జితో చల్లటి చోట ఉంచండి. గడ్డకట్టే చలిలో మాత్రం ఛార్జి పెట్టకండి. లెడ్ యాసిడ్ ఛార్జరుతో లిథియం ప్యాక్‌ను ఎప్పుడూ ఛార్జి చెయ్యకండి.

ప్రశ్న: మీరు ఇదివరకు చెప్పినట్టే పాలిషింగ్ చక్రానికి 24 వోల్టుల డీసీ మోటారు బిగించాను. పాత మోత పోయింది. కానీ వేగం తగ్గిస్తే ఈలలాంటి సన్నటి చప్పుడు వస్తోంది. పూర్తి వేగంలో పెడితే ఆ ఈల లేదు. మోటారు పాడైందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మోటారు బాగానే ఉంది. పూర్తి వేగంలో ఈల లేదన్న ఆ ఒక్క మాటతో కారణం దొరికిపోయింది. మీ వేగం కంట్రోలర్ కరెంటును సన్నగా చెయ్యదు. సెకనుకు వేల సార్లు ఇచ్చి ఆపుతూ, ఇచ్చే సమయాన్ని తగ్గించి పెంచుతుంది. ఆ ఇచ్చి ఆపే లెక్కన మోటారులోని చుట్లు, ఇనుము అదురుతాయి, అదే మీకు ఈలగా వినిపిస్తోంది. పూర్తి వేగంలో ఆపడమే ఉండదు కనుక ఈలా ఉండదు. చవక కంట్రోలర్లు ఎంతో కొంత వినపడే లెక్కలోనే, 20,000 హెర్ట్జ్‌కు లోపే పని చేస్తాయి.

20,000 దాటి పనిచేసే కంట్రోలర్ తీసుకోండి, అది మనిషి చెవికి అందదు. అయితే అన్ని సార్లు తెరుచుకుని మూసుకోవడం వల్ల దాని మాస్‌ఫెట్‌లు (కరెంటును ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఎక్కువ వేడెక్కుతాయి. మీ మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటే 20, 30 ఆంపియర్ల కంట్రోలర్ తీసుకుని మంచి హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) వెయ్యండి, అప్పుడు ఫ్యాను అవసరం పడదు. కొన్ని బోర్డుల్లో ఈ లెక్కను మార్చుకునే చిన్న జంపర్ లేదా స్క్రూ ఉంటుంది. కొత్తది కొనే ముందు అది చూడండి. మోటారు వైర్లు రెండింటినీ ఒకదానికొకటి మెలిపెట్టి పొట్టిగా ఉంచండి. ఇది ఈలకు కాదు, దగ్గర్లో రేడియో ఉంటే అందులో వచ్చే గరగరకు. దానికే బ్రష్‌ల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ కూడా వేస్తారు.

ఇంకో పాఠకుడు బ్రష్‌లు లేని మోటారు పెట్టినా ఈల పోలేదని రాశారు. అక్కడ సంగతి కొంచెం వేరు. బ్రష్‌లెస్ మోటారును చవక డ్రైవర్లు (దాన్ని తిప్పే కంట్రోలర్లు) ఒక తిరుగుడులో, అయస్కాంత ధ్రువాల ఒక్కో జతకు ఆరేసి అంగల చొప్పున తోస్తాయి, ప్రతి అంగకూ ఒక కుదుపు ఉంటుంది. సైన్ అల మీద నడిపే రకం, ఎఫ్‌ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్) అని రాసి ఉండేది, ఆ కుదుపు లేకుండా తిప్పుతుంది. చాలా తక్కువ వేగంలో మొరాయించకుండా కదలాలంటే హాల్ సెన్సర్లు ఉన్న మోటారు కూడా కావాలి. మీ ఇద్దరూ కంట్రోలర్ మీద ఉన్న ఐసీ నంబరు, మోటారు నేమ్ ప్లేటు మీదున్న అంకెలు రాసి పంపండి, ఏది మార్చాలో వచ్చే సంచికలో విడిగా చెబుతాను.